నడుం నొప్పికీ ఊపిరికీ ఏమిటి చుట్టరికం?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం పాఠం)



ఉత్సవ కమిటీవారు ఫోన్ చేసి, "నీ వృత్తికి సంబంధించినదే, కానీ అందరికీ పనికొచ్చేది చెప్పు" అన్నారు. నా వృత్తి వెల్డింగ్ అతుకుల్లో పగుళ్లు వెతకడం. బాయిలర్లు, గ్యాసు గొట్టాలు, ఒత్తిడి తట్టుకోవలసిన ట్యాంకులు, వీటిని కోయకుండా, విప్పకుండా లోపలేముందో శబ్దంతో చూస్తాం. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆ పగుళ్ల సంగతి ఇప్పుడు మొదలెడితే మీ చూపులు భోజనాల షామియానా వైపు పోతాయని నాకు తెలుసు. అందుకని వేరే సంగతి ఎంచుకున్నాను. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పండగ శుభాకాంక్షల తర్వాత ఎక్కువగా కనపడే మాట నడుం. ఒకడికి ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్. ఇంకొకడికి డిస్కు. మరొకడికి ఎమ్మారైలో ఏమీ లేదు, కానీ కారులోంచి దిగాలంటే భార్య చెయ్యి పట్టుకోవాలి. మా బ్యాచ్‌దే కాదు ఈ బాధ. 2020లో ప్రపంచం మొత్తం మీద 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో ఉన్నారని లెక్క తేల్చారు. మనిషిని పనికి దూరం చేసే రోగాల్లో అదే మొదటిది.

నేను డాక్టర్ని కాను. మందులు చెప్పను. నేను వాడే పరికరానికి తోబుట్టువు లాంటి పరికరంతో నడుం నొప్పి గురించి ఒక కొత్త వైపు నుంచి వెతుకుతున్నారు. ఆ వైపు ఊపిరి. దాని గురించి మాత్రం చెబుతాను.

సైన్సు క్లాసులో గంటజాడీ ప్రయోగం గుర్తుందా? గాజు జాడీ, లోపల వై ఆకారం గొట్టానికి కట్టిన రెండు బుడగలు, అడుగున రబ్బరు పొర. పొరను కిందికి లాగితే బుడగలు ఉబ్బుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. ఆ రబ్బరు పొరే మన పాఠ్యపుస్తకంలో ఉదరవితానం. డాక్టర్లు డయాఫ్రం అంటారు. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకున్న పల్చని కండరం. నిమిషానికి పదిహేను సార్లు అనుకుంటే రోజుకు 21,600 సార్లు దిగి పైకొస్తుంది. మన యోగశాస్త్రం వాళ్లు రోజుకిన్ని శ్వాసలని చెప్పే సంఖ్య కూడా సరిగ్గా ఇదే. గడియారం లేని రోజుల్లో ఎలా లెక్కపెట్టారో గానీ నాకు అదొక ముచ్చట.

ఆ ప్రయోగం సగం సంగతే చెబుతుంది. జాడీ అడుగున రబ్బరు చుట్టూ అంచుకే బిగించి ఉంటుంది. మనలో ఉన్న గొడుగు అలా కాదు. ముందు వైపు రొమ్ము ఎముకకు, పక్కన కింది పక్కటెముకలకు, వెనక వైపు రెండు గట్టి కాళ్లతో వెన్నుపూసలకు అతుక్కుని ఉంటుంది. కుడి కాలు నడుం భాగంలోని మొదటి మూడు పూసలకు, ఎడమ కాలు మొదటి రెండింటికి. నా భాషలో చెప్పాలంటే, ఊపిరి పంపును తెచ్చి నేరుగా నడుం స్తంభానికే బోల్టులు వేసి బిగించారు. అలాంటప్పుడు పంపులో తేడా వస్తే స్తంభానికి తెలియదా, స్తంభంలో తేడా వస్తే పంపుకు తెలియదా?

ఇంకో సంగతి. మన రైసుమిల్లుల దగ్గర చూడండి, బిగువుగా నింపి కుట్టిన ధాన్యం బస్తా నిలబెడితే నిలబడుతుంది. వదులు బస్తా కూలబడిపోతుంది. లోపల బియ్యమూ అదే, గోనె కూడా అదే. బిగువొక్కటే తేడా. మన పొట్ట అలాంటి బస్తా. పైమూత ఉదరవితానం, చుట్టూ పొట్ట కండరాలు, అడుగున కటి కండరాలు. బరువెత్తబోయే ముందు ఈ నాలుగు గోడలూ ఒక్కసారి బిగుసుకుంటాయి. లోపల ఒత్తిడి పెరిగి నడుం పూసలకు ఆసరా దొరుకుతుంది. ఇది సైన్సువాళ్లు కనిపెట్టక ముందే మనకు తెలుసు. అమలాపురం దసరాల్లో చెడీ తాలింఖానా ఆడేవాళ్లు కర్ర తిప్పే ముందు ఊపిరి ఎలా బిగిస్తారో చూసే ఉంటారు. కోడి రామ్మూర్తి నాయుడుగారు ఛాతీకి ఇనప గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరించి తెంపేవారని మన తాతలు చెప్పేవారు. పడవ లాగేవాళ్ల 'ఐలెస్సా'లో ఊపిరికీ నడుముకీ తాళం వేసే లెక్క ఉంది.

అంటే ఉదరవితానానిది ఒకే మనిషి రెండు డ్యూటీలు చేసే ఉద్యోగం. ఊపిరి లాగాలి. నడుముకు కాపు కాయాలి.

ఈ రెండో డ్యూటీని కొలతల్లో పట్టుకున్నది ఆస్ట్రేలియాలో పాల్ హాడ్జెస్, సైమన్ గాండేవియా బృందం. 1997లో అచ్చయిన వాళ్ల ప్రయోగం చాలా సులువుగా అర్థమవుతుంది. మనిషిని నిలబెట్టారు. దీపం వెలగగానే చెయ్యి చటుక్కున పైకెత్తమన్నారు. చెయ్యి లేస్తే ఒంటి బరువు ముందుకు తూగుతుంది, వెన్ను దాన్ని ఆపుకోవాలి. భుజం కండరం మొదలయ్యే ముందే, సెకనులో యాభయ్యో వంతు ముందు, ఉదరవితానం బిగుసుకుంది. ఊపిరి లోపలికి తీసుకుంటున్నా బయటికి వదులుతున్నా అంతే. ఊపిరితో దానికి నిమిత్తం లేదు. చెయ్యి లేపుదామని మెదడు అనుకోగానే నడుముకు కాపలా ముందు వెళ్లిపోయింది. ఆ ప్రయోగంలో కండరం పొడవు ఎలా మారిందో చూడటానికి వాడింది అల్ట్రాసౌండే.

2001లో వాళ్లదే ఇంకో ప్రయోగం వచ్చింది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచినది ఇదే. మనిషి చేతిని అదే పనిగా ఆడిస్తుండగా, ఊపిరి అవసరం పెరిగేలా చేశారు, అంటే ఎగరొప్పేలా. ఒక నిమిషం గడిచేసరికి ఉదరవితానం తన రెండో డ్యూటీని తగ్గించేసింది. రెండు పనులూ ఒక్కసారి మీద పడితే ఊపిరికే ఓటు వేసింది. ప్రాణం ముఖ్యం కదా, తప్పు పట్టలేం. కానీ ఆ సమయంలో నడుముకు ఆసరా సన్నబడింది.

దీన్ని చదివిన కొత్తలో సెలవుకు ఊరొచ్చాను. మా తోటలో దింపు తీసే బాబాయ్‌ని అడిగాను. ఆయనకు యాభై దాటాయి, ఇంకా చెట్టెక్కుతూనే ఉన్నాడు.

"నడుం ఎప్పుడు పట్టేస్తుంది బాబాయ్? ఎక్కేటప్పుడా?"

"ఆయ్, ఎక్కేటప్పుడు ఏముంటాదండి, ఏం ఉండదు. నాలుగైదు చెట్లు దింపేసి, ఊపిరి ఎగపోత్తా కిందకొత్తాం కదండి, అప్పుడు వంగి గెల ఎత్తామా, పట్టేత్తాదండి."

ఒక మనిషి చెప్పిన మాటతో శాస్త్రం తేలదు. వంగడం తీరే కారణం కావచ్చు, వయసు కావచ్చు. కానీ ఎగరొప్పుతున్నప్పుడు వంగి బరువెత్తడం గురించి ఆ ప్రయోగం చెప్పిందీ, కాళ్లకు బందం వేసుకుని చెట్టెక్కే మనిషి చెప్పిందీ ఒకే గట్టు మీద నడుస్తున్నాయి. అప్పట్నుంచి ఈ విషయం వదల్లేకపోతున్నాను.

ఇప్పుడు నాకు తెలిసిన పరికరం దగ్గరికి వస్తాను. మనకు వినపడని శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకోవడం దీని పని. మాంసంలో శబ్దం వేగం సెకనుకు 1,540 మీటర్లుగా తీసుకుంటారు. ఒక సెంటీమీటరు లోతుకు పోయి రావడానికి సెకనులో పది లక్షల వంతులు 13 పడతాయి. ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే అది ఎంత లోతు నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఉక్కులో శబ్దం ఇంకా వేగంగా, సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది. అదొక్కటే మా వాళ్లకూ డాక్టర్లకూ తేడా. మేము కూడా గొట్టానికి జిగురు లాంటిది రాసి ప్రోబ్ పెడతాం, మధ్యలో గాలి ఉంటే శబ్దం దాటదు కనుక.

ఈ చుట్టరికం మాటవరసకు అనడం లేదు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే స్త్రీల వైద్యుడుండేవాడు. 1955లో ఆయన ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారు డిక్కీలో వేసుకుని, పోల్చి చూడటానికి ఒక మాంసం ముక్క కూడా పట్టుకుని, బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కార్ఖానాకు వెళ్లాడు. వెల్డింగ్‌లో పగుళ్లు చూసే మిషను పెట్టి చూస్తే గడ్డకీ మాంసానికీ ప్రతిధ్వని వేరువేరుగా వచ్చింది. తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు ఆయనకు తోడయ్యాడు. 1958లో లాన్సెట్ పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. ఇవాళ గర్భిణి పొట్ట మీద పెట్టే స్కానింగ్‌కు పుట్టిల్లు బాయిలర్ కార్ఖానా అన్నమాట. మా వృత్తివాళ్లం ఈ కథ ఎక్కడ సందు దొరికినా చెబుతాం, మన్నించాలి.

ఉదరవితానాన్ని రెండు చోట్ల నుంచి చూస్తారు. ఒకటి కుడి పక్కటెముకల కింద ప్రోబ్ పెట్టి పైకి చూడటం. కాలేయం కిటికీలా పనికొస్తుంది, దాని వెనకాల తెల్లటి వంపు గీత కనపడుతుంది. ఊపిరి తీస్తే ప్రోబ్ వైపు వస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది. ఎంత దూరం కదిలిందో తెర మీద అలలా గీస్తుంది మిషను. ఫ్రాన్స్‌లో 210 మంది ఆరోగ్యవంతుల మీద కొలిచి 2009లో అచ్చు వేశారు. మామూలు ఊపిరిలో మగవాళ్లకు సగటున 1.8 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 1.6. గుండెల నిండా తీస్తే మగవాళ్లకు 7, ఆడవాళ్లకు 5.7 సెంటీమీటర్లు. ఎడమ వైపు చూడటం కష్టం. ప్లీహం చిన్న కిటికీ, పైగా జీర్ణాశయంలో గాలి అడ్డం వస్తుంది.

రెండోది, చంక కింద పక్కటెముకల సందులో, ఎనిమిదీ తొమ్మిదీ ఎముకల దగ్గర ప్రోబ్ పెట్టి కండరం మందం చూడటం. రెండు తెల్లని గీతలు, మధ్యలో నల్లని చార. ఆ చారే కండరం. ఊపిరి వదిలాక దాని మందం రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఊపిరి లాగినప్పుడు లావవుతుంది, మోచెయ్యి మడిస్తే జబ్బ లావైనట్టు. ఎంత శాతం లావైందో లెక్క కడతారు. 20 శాతానికి లోపుంటే ఆ కండరం చచ్చుబడిందని అనుమానిస్తారు. నాకు తెలిసిన ఒక రేడియాలజిస్టు గారిని బతిమాలి నా కండరం నేనే తెర మీద చూసుకున్నాను. ముప్పై ఏళ్లు ఉక్కులో గీతలు చూసినవాణ్ణి, ఆ గీత నా ఊపిరితో కదులుతుంటే కాసేపు మాట రాలేదు.

సూదులు లేవు, రేడియేషన్ లేదు, గొట్టం మింగాల్సిన పని లేదు. అందుకే నడుం నొప్పి మీద పనిచేసేవాళ్ల కళ్లు దీని మీద పడ్డాయి.

నడుం నొప్పి ఉన్నవాళ్లలో ఈ కండరం నిజంగా తేడాగా ఉంటుందా అన్నది అసలు ప్రశ్న. కొన్ని సాక్ష్యాలున్నాయి. 2012లో ప్రాగ్ నగరంలో పావెల్ కోలార్ బృందం ఎమ్మారైలో 18 మంది నడుం నొప్పివాళ్లను, 29 మంది ఆరోగ్యవంతులను చూసింది. పడుకోబెట్టి ఊరికే చూడలేదు, చేతులకు కాళ్లకు ఎదురు బలం పెట్టి చూసింది. అప్పుడు నొప్పివాళ్లలో ఉదరవితానం తక్కువ దిగింది, ముఖ్యంగా ముందు భాగం, మధ్య భాగం. మరుసటి ఏడాది బెల్జియంలోని లువెన్‌లో లోటే యాన్సెన్స్ బృందం పదిమంది నొప్పివాళ్లకు, పదిమంది మామూలువాళ్లకు ఊపిరి కండరాన్ని బాగా అలసిపోయేలా చేసి, నరానికి అయస్కాంత ప్రేరణ ఇచ్చి బలం కొలిచింది. నొప్పివాళ్లలో పదికి ఎనిమిది మందిలో కండరం అలసట తేలింది. మామూలువాళ్లలో పదికి నలుగురిలో.

పదేసి మందితో చేసిన ప్రయోగానికి నేనైతే నా ఫ్యాక్టరీలో సంతకం పెట్టను. ఇంకాస్త పెద్ద సంఖ్య కావాలంటే 2006లో ఆస్ట్రేలియాలోనే 38 వేలకు పైగా ఆడవాళ్లు ఇచ్చిన సమాధానాలతో చేసిన పరిశీలన ఉంది. ఊపిరి ఇబ్బందికీ, మూత్రం ఆపుకోలేకపోవడానికీ నడుం నొప్పితో ఉన్న సంబంధం, ఒళ్లు చెయ్యడానికీ కదలకుండా కూర్చోవడానికీ ఉన్న సంబంధం కంటే గట్టిగా కనపడింది. మూత్రం సంగతి సభలో అనే మాటా అనకండి. బస్తాకు అడుగు ఉంటుందని ఇందాకే చెప్పాను. దగ్గినా తుమ్మినా చుక్క పడుతోందని మన ఇళ్లలో అమ్మలు, అత్తలు ఎవరికీ చెప్పుకోరు. నడుం నొప్పని మాత్రం చెబుతారు. డాక్టరు నడుం ఎక్స్‌రే తీయిస్తాడు. మూడూ ఒకే బస్తాకు చెందినవని ఎవరికీ తట్టదు. కొబ్బరి పీచు పనిలో, వరినాట్లలో రోజంతా వంగి, ఇంటికొచ్చి మట్టలూ డొక్కలూ మంటపెట్టిన పొయ్యి పొగలో దగ్గే ఆడవాళ్లను ఎవరైనా ఈ మూడు ప్రశ్నలూ కలిపి అడగాలి. దానికి మిషను కూడా అక్కర్లేదు.

అయితే ఏది ముందు? ఊపిరి చెడి నడుం నొప్పి వచ్చిందా, నొప్పి భయంతో ఊపిరి పైపైకి పోయిందా? ఈ పరిశీలనలు ఆ మాట తేల్చవు. రెండూ పక్కపక్కన ఉన్నాయనే చెబుతాయి. అందుకని రేపెవరైనా స్కాన్ చేసి "మీ నడుం నొప్పికి కారణం ఇదిగో, దొరికింది" అంటే నమ్మకండి.

ఈ కొలత ఎంత సున్నితమో లెక్క వేసి చూపిస్తాను. కండరం వదిలినప్పుడు 2 మిల్లీమీటర్లు, లాగినప్పుడు 3. అంటే 50 శాతం లావైంది. ఇప్పుడు కొలిచేవాడి గుర్తు కాస్త జరిగి 2కు బదులు 2.2 అని పడిందనుకోండి. అదే మనిషి, అదే ఊపిరి, 36 శాతానికి పడిపోయింది. ఆ జరిగిందెంత? మిల్లీమీటరులో అయిదో వంతు. ఆ ప్రోబ్ పంపే శబ్దతరంగం పొడవే దాదాపు ఆ కొలతకు దగ్గర్లో, 0.15 మిల్లీమీటర్లు ఉంటుంది. మా వెల్డింగ్ పరీక్షల్లో ప్రతిరోజూ ముందు తెలిసిన మందం ఉన్న ఉక్కు దిమ్మ మీద మిషన్ను సరిచూసుకుని గానీ పని మొదలెట్టం. ఒకరు చూసినది ఇంకొకరు చూడాలి. ఉదరవితానానికీ అదే కావాలి. ఒకే చోట, ఒకే భంగిమలో, మూడు ఊపిర్లు, ఇద్దరు చూసేవాళ్లు.

భంగిమ అంటే గుర్తొచ్చింది. వంతెన కట్టాక ఇసక లారీలు వరసగా నిలబెట్టి ఎంత వంగిందో చూస్తారు. ఖాళీ వంతెన అందంగానే ఉంటుంది. మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషి ఉదరవితానం ఖాళీ వంతెన. అది బాగుందని రిపోర్టు వస్తే సంతోషమే గానీ, ఎగరొప్పుతూ గెల ఎత్తేటప్పుడు ఏం చేస్తుందో ఆ రిపోర్టు చెప్పదు. కోలార్ బృందం ఎదురు బలం పెట్టి చూసినట్టు, బరువు మీద చూడాలి.

ఇంకో గందరగోళం ఉంది, విడదీసి చెప్పాలి. మన ఊళ్లలో "నడుముకు అల్ట్రాసౌండ్ పెట్టించుకున్నాను" అంటారు. ఫిజియోథెరపీ గదిలో జెల్ రాసి గుండ్రంగా తిప్పే ఆ మిషను వేరు. అది బొమ్మ చూపించదు, శబ్దశక్తిని ఒంట్లోకి పంపుతుంది. నేను చెబుతున్నది చూసే మిషను. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తిప్పే అల్ట్రాసౌండ్‌ను, నడుం బెల్టులను, లాగుడు వైద్యాన్ని మామూలుగా వాడమని సిఫార్సు చెయ్యలేదు. వ్యాయామం, రోగికి విషయం వివరించి చెప్పడం, ఇలాంటివి మేలన్నది. మా గ్రూపులో బెల్టు లేనివాడు లేడు, వాళ్లు నన్ను భోజనాల దగ్గర పట్టుకుంటారని తెలిసే చెబుతున్నాను. నొప్పితోపాటు కాళ్లు మొద్దుబారినా, మూత్రం విరేచనం అదుపు తప్పినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా మాత్రం ఊపిరీ వ్యాయామం అని కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కొలిచి ఏం లాభం, మందుందా అంటారు. లువెన్ వాళ్లే 2015లో 28 మంది నొప్పివాళ్లను రెండు జట్లు చేశారు. ఎనిమిది వారాలు ఒక జట్టు చేత గట్టి ఎదురు పెట్టి ఊపిరి లాగించారు, వాళ్ల పూర్తి బలంలో 60 శాతం. రెండో జట్టుకు పది శాతమే, పేరుకు. గట్టిగా లాగిన జట్టుకు నొప్పి తగ్గింది. మళ్లీ 28 మందే అని మీరే అంటున్నారు, నాకు వినపడింది. నిజమే. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన మూడు బంతుల పరికరం ఇదనుకోకండి. అందులో గాలి వేగంతో బంతి లేస్తుంది, కండరానికి కొలిచిన బరువు పడదు. వీళ్లు వాడినదాంట్లో కవాటం ఉంటుంది, అనుకున్నంత బలంతో లాగితే గానీ గాలి రాదు.

మరి ఈ చూసే మిషన్ను మన బడి వైద్య శిబిరానికి తెచ్చి, దింపు కార్మికులనూ ఒలుపు కార్మికులనూ వరసగా పడుకోబెట్టి చూసేద్దామా? కుదరదు. కుదరకపోవడం న్యాయం కూడా. గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పి ఆడపిల్లల్ని కడుపులోనే చంపుతున్నారని 1994లో చట్టం వచ్చింది, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, 2003లో ఇంకా బిగించారు. దాని ప్రకారం స్కానింగ్ మిషను ఎక్కడుందో, ఎవరు వాడతారో జిల్లా అధికారుల దగ్గర నమోదై ఉండాలి. చంకన పెట్టుకుని ఊరూరా తిప్పడానికి లేదు. కొన్ని దేశాల్లో ఫిజియోథెరపిస్టుల బల్ల మీద ఈ మిషను ఉంటుంది, కండరం చూస్తూ వ్యాయామం చేయిస్తారు. మన దగ్గర ఫిజియోథెరపీ చదివిన పిల్లలు ఈ చట్టం వల్ల వెనకపడుతున్నామని నాతో అన్నారు. వాళ్ల బాధ అర్థమైంది. కానీ ఆ చట్టం ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లం. ఒక ఊపిరి కండరం కోసం దాన్ని సడలించమని నేను అడగను. మిషను మన దగ్గరికి రాకపోతే మనమే దాని దగ్గరికి వెళ్లాలి.

అందుకే కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. కొబ్బరి మన పేరు. అంబాజీపేట మార్కెట్‌కు వెళ్లే ప్రతి కాయ వెనకా ఎవరో ఒకరు చెట్టెక్కి దింపినవాడు, ఎవరో ఒకరు గునపం మీద గుచ్చి ఒలిచినవాడు ఉన్నారు. నడుం పోయిందంటే వాళ్లకు ఆ రోజు నుంచి కూలి లేదు. మా గ్రూపులోవాళ్లకైతే సెలవు పెట్టుకునే వెసులుబాటుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముప్పై మంది దింపు, ఒలుపు కార్మికులను ఎంచుకుందాం, నొప్పి ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ. మొదటి రోజు ఇక్కడే, బడిలో, ఫిజియోథెరపిస్టులు ప్రశ్నలు అడిగి, నడుం, ఊపిరి పరీక్షలు చెయ్యాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. తర్వాత అయిదుగురి చొప్పున, నమోదైన స్కానింగ్ కేంద్రానికి తీసుకెళ్లాలి. పడుకున్నప్పుడు ఒకసారి, మెట్లెక్కి దిగి ఎగరొప్పుతుండగా నిలబడి బరువు పట్టుకున్నప్పుడు ఇంకోసారి. ఒక డాక్టరు చూసినది, ఎవరికి నొప్పుందో తెలియని ఇంకో డాక్టరు చూడాలి. ఎనిమిది వారాల వ్యాయామం తర్వాత మళ్లీ అంతే.

మనుషుల మీద చేసే పరిశీలన కనుక ముందు ఏదైనా వైద్య కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, వద్దంటే మానుకునే హక్కుందని చెప్పాలి. వచ్చిన ప్రతిరోజూ వాళ్ల కూలి మనం ఇవ్వాలి, ప్రయాణం ఖర్చు కాకుండా. స్వర్ణోత్సవ నిధిలో మిగిలే సొమ్ములోంచి ఇవ్వొచ్చా, విడిగా చందా వేసుకుందామా అన్నది కోశాధికారి గారు చెప్పాలి. నా వంతు నేను రాసి ఇచ్చాను. కొలతల లెక్కలు, పరికరం సరిచూసే పని నాకు వదిలెయ్యండి, అది నా పనే. మన పూర్వ విద్యార్థుల్లో రేడియాలజిస్టులు ఇద్దరైనా ఉన్నారని విన్నాను, ఫిజియోథెరపీ చదివినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉండాలి. మీ పేర్లు సభ అయ్యాక నాకు ఇవ్వండి. భోజనాల్లో ఆత్రేయపురం పూతరేకులున్నాయట, నేను ఆ బల్ల దగ్గరే ఉంటాను.